జవాబు: అన్నిటికీ "సరే" అంటాడు, ఏదీ చేయడు

మీ పిల్లాడు ఏం చెప్పినా "సరే" అంటాడు కానీ ఏదీ చేయడని రాశారు. అది మొండితనం కాదు. కడుపులో ఉండగా మద్యం ప్రభావం పడిందని డాక్టరు రాశారన్నారుగా, అలాంటి పిల్లల్లో చాలామందికి విన్నమాట బుర్రలో నిలవదు. "స్నానం చెయ్, బ్యాగ్ సర్దు, షూ వేసుకో" అని మీరు ఒక్క ఊపులో చెప్తే ఒకటే మిగులుతుంది, ఒక్కోసారి అదీ ఉండదు.

1. ఒకసారికి ఒక్క పనే చెప్పండి.

2. చెప్పాక మనసులో పది లెక్కపెట్టండి. అందరూ తప్పేది ఇక్కడే. మూడో అంకెకే మళ్లీ అరుస్తాం, వాడు మళ్లీ మొదటికొస్తాడు. (మా అక్క కొడుకుతో నేనూ ఏడాదంతా ఇదే చేశాను.)

3. బాత్రూం తలుపు మీద బ్రష్, సబ్బు, తువ్వాలు బొమ్మలు వరసగా అంటించండి. వరస మార్చొద్దు.

4. టీవీ ఆపేసే శిక్ష దండగ. ఎందుకు ఆపారో సాయంత్రానికి గుర్తుండదు.

వాడి ట్యూషన్ సారుకూ ఇవే ఒక కాగితం మీద రాసివ్వండి.