చిన్న కార్లు, అసలు హార్స్‌పవర్: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా నైట్రో (నైట్రోమీథేన్ కలిపిన మిథనాల్‌తో నడిచే) రిమోట్ కంట్రోల్ బొమ్మ కారులో .12 (0.12 ఘనపు అంగుళాల) ఇంజిను ఉంది. పొద్దున ఏడింటికి మంచిగ ఉరుకుతది. మధ్యాహ్నం అదే గ్రౌండులో పొగ ఎక్కువై, పికప్ చచ్చిపోతోంది. ఎండకు ఇంజిను కాలిపోతుందేమోనని నీడిల్ (ఇంధనం ఎంత పారాలో సరిచేసే స్క్రూ) తెరుస్తున్నాను. ఇంకా మొద్దుబారుతోంది. ఏం చేయాలి?
(ఒక పాఠకుడు, దేవరకొండ)

జవాబు: తెరవకండి, కొంచెం మూయండి. ఎండ ముదిరేకొద్దీ గాలి పలచబడుతుంది. పొద్దున 20 డిగ్రీలున్నది మధ్యాహ్నం 42కు చేరితే అదే సిలిండరులోకి వెళ్లే గాలి బరువు దాదాపు 7 శాతం తగ్గుతుంది. ఇంధనం మాత్రం అంతగా తగ్గదు. మీకు కనిపిస్తున్న పొగ ఆ మిగులు ఇంధనానిదే. హైస్పీడ్ నీడిల్‌ను గడియారం ముల్లు తిరిగే వైపు ఒక 'గంట', అంటే చుట్టులో 12వ వంతు, తిప్పి రెండు రౌండ్లు నడిపి చూడండి. చాలకపోతే ఇంకో గంట. ఒకేసారి పావు చుట్టు బిగించారంటే పిస్టన్ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఫుల్ థ్రాటిల్‌లో సన్నటి పొగ గీత కనబడుతూనే ఉండాలి. హెడ్ (ఇంజిను పై మూత) వేడి 100 నుంచి 120 డిగ్రీల మధ్య ఉండాలి. టెంపరేచర్ గన్ లేకపోతే హెడ్ మీద ఒక నీటి చుక్క వేయండి. మూడు నాలుగు సెకన్లు ఉడికి ఆవిరైతే సరిగ్గా ఉన్నట్టు. పడీపడగానే చుయ్‌మంటే నీడిల్ వెనక్కి తెరవండి.

మర్నాడు పొద్దున అదే సెట్టింగుతో స్టార్ట్ చేయొద్దు. చల్లటి, చిక్కటి గాలికి ఆ ఇంధనం చాలదు. ఈ ఇంజినుకు నూనె కూడా ఇంధనంలోనే కలిసి వస్తుంది కాబట్టి స్లీవ్ (పిస్టన్ ఆడే గొట్టం) గీరుకుపోతుంది. మధ్యాహ్నం నీడిల్ ఎన్ని 'గంటలు' మూశారో రాసిపెట్టుకుని అన్నీ తిరిగి తెరవండి.

ప్రశ్న: కారులో 540 బ్రష్ మోటరు, 7.2 వోల్టుల బ్యాటరీ ఉన్నాయి. '180 వాట్ల మోటరు' అని అమ్మారు. నిజంగా ఎంత ఇస్తుందో ఇంట్లో కొలవొచ్చా? డైనో (శక్తి కొలిచే యంత్రం) కొనలేను.
(ఒక విద్యార్థి, వనపర్తి)

జవాబు: తప్పకుండా కొలవొచ్చు. 1821లో గాస్పార్ ద ప్రోనీ కనిపెట్టిన బ్రేకు పద్ధతికి ఇంకో రూపమైన తాడు బ్రేకు ఇప్పటికీ పనికొస్తుంది. కావలసినవి: లేతు షాపులో తీయించిన 36 మిల్లీమీటర్ల వ్యాసం, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న అల్యూమినియం పుల్లీ (లోపలి రంధ్రం 3.2 మి.మీ., బిగించడానికి చిన్న స్క్రూ), 4 మి.మీ. నూలు తాడు, కొక్కెం ఉన్న రెండు డిజిటల్ త్రాసులు, నిమిషానికి ఎన్ని చుట్లో (ఆర్‌పీఎం) చూపే లేజర్ టాకోమీటరు. నైలాన్ తాడు వద్దు, కరిగి పుల్లీకి అంటుకుంటుంది.

మోటరును చెక్కకు గట్టిగా బిగించండి. తాడును పుల్లీ కింద నుంచి సగం చుట్టు తిప్పి, రెండు కొసలనూ పైన వేలాడే త్రాసులకు కట్టండి. చేతికి మాత్రం చుట్టుకోవద్దు. మోటరు తిప్పుతూ తాడును మెల్లగా బిగిస్తూ పోతే ఒక త్రాసు ఎక్కువ, ఇంకోటి తక్కువ చూపిస్తుంది. లెక్కకు కావలసింది ఆ రెంటి తేడా. చాలామంది బిగువు వైపు అంకె ఒక్కటే తీసుకుని మురిసిపోతారు. రెండో పొరపాటు వ్యాసార్థంలో జరుగుతుంది. తాడు మందంలో సగం కలపాలి. 18కి 2 కలిపితే 20 మి.మీ. అది మరిచిపోతే పదో వంతు లెక్క అక్కడే పోతుంది.

సూత్రం: వాట్లు = తేడా (కిలోలు) × ఆర్‌పీఎం × వ్యాసార్థం (మి.మీ.) × 0.001027. తేడా అర కిలో, వేగం 8,000 ఉంటే 82 వాట్లు, అంటే 0.11 హెచ్‌పీ. ఇలాంటివి 45 కలిస్తే మన 5 హెచ్‌పీ బోరు మోటరు అవుతుంది! బ్రష్ మోటరు గరిష్ఠ శక్తి ఖాళీగా తిరిగే వేగంలో దాదాపు సగం దగ్గర వస్తుంది కాబట్టి, ముందు తాడు లేకుండా ఆర్‌పీఎం చూసి, అందులో సగానికి దిగేదాకా బిగించండి. అదే సమయంలో మోటరు 7 వోల్టుల దగ్గర 26 ఆంపియర్లు లాగుతుంటే 182 వాట్లు లోపలికి పోతున్నాయి. డబ్బా మీద రాసే అంకె చాలాసార్లు ఇదే. సగానికి పైగా వేడిగా పోతోంది.

ఒక్కో కొలత 5 సెకన్లలో ముగించండి. ప్రతిసారీ పుల్లీ 15 డిగ్రీల పైనే వేడెక్కుతుంది. మెరిసే అల్యూమినియం టాకోమీటరుకు రెట్టింపు అంకె చూపిస్తుంది. పుల్లీ ముఖానికి నల్ల మార్కర్ పూసి ఒక్కటే రిఫ్లెక్టర్ ముక్క అంటించండి. వోల్టేజీ మోటరు టెర్మినళ్ల దగ్గరే చూసి రాసుకోండి. బ్యాటరీ దిగినప్పుడు తీసిన కొలతను నిండు బ్యాటరీతో పోల్చి 'కొత్త బ్రష్‌లు పవర్ పెంచాయి' అనుకోవడం పెద్ద మోసం. కళ్లద్దాలు పెట్టుకోండి.

ప్రశ్న: పినియన్ (మోటరు షాఫ్టు మీది చిన్న గేరు) 21 పళ్ల నుంచి 25కు మార్చాను. స్పీడు పెరగలేదు, 5 నిమిషాలకే మోటరు చెయ్యి పెట్టనివ్వట్లేదు.
(జడ్చర్ల)

జవాబు: ఒకేసారి 4 పళ్లు ఎక్కువ. అదే లాగుడుకు మోటరు మీద 19 శాతం బరువు పెరిగింది, కరెంటూ అంతే పెరుగుతుంది. వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి వైండింగులో దాదాపు 40 శాతం అదనపు మంట. తారురోడ్డు మీద సరిపోయే గేరింగు చెల్క నేలలో, దుబ్బలో పనికిరాదు. 22తో మొదలుపెట్టి, మూడు నిమిషాలు నడిపి ఆపి చూడండి. 80 డిగ్రీలు దాటకపోతే ఒక పన్ను పెంచండి. మార్చిన ప్రతిసారీ పినియన్‌కూ, అది తిప్పే పెద్ద గేరు స్పర్‌కూ మధ్య పలుచటి కాగితం ముక్క పెట్టి బిగించి, తర్వాత తీసేయండి. సరిపడా సందు వస్తుంది.

ప్రశ్న: నైట్రో ఇంధనం దొరకట్లేదు. పెట్రోల్లో 2టీ ఆయిల్ కలిపి పోయొచ్చా?
(మిర్యాలగూడ)

జవాబు: వద్దు. ఇంజినులో ఇంధనాన్ని అంటించే గ్లో ప్లగ్‌లోని ప్లాటినం తీగ మిథనాల్‌తో చర్య జరిపి ఎర్రగా నిలుస్తుంది, పెట్రోలుతో ఆ పని జరగదు. పైగా పెట్రోలుకు మిథనాల్ కంటే రెట్టింపుకు పైగా గాలి కావాలి, మీ కార్బురేటర్ ఆ లెక్కకు చేసింది కాదు. ఇంధనం దొరికాక ఒక మాట: మిథనాల్ విషం, దాని మంట పట్టపగలు కంటికి కనబడదు. ట్యాంకు నింపేటప్పుడు గ్లో ఇగ్నైటర్ (స్టార్టింగ్‌లో ప్లగ్‌ను వేడిచేసే పరికరం) దూరంగా పెట్టి, పక్కన ఒక బకెట్ నీళ్లు ఉంచుకోండి.