పైనుంచి కాదు తమ్ముడూ, ఆ లైను ఉన్న చోటి నుంచి

తమ్ముడూ,

వెరిలాగ్ (చిప్ సర్క్యూట్లని కోడ్‌గా రాసే భాష) మీద నీ వ్యాసం చదివా. బొమ్మలు బాగున్నాయి. కానీ మూడో పేరాలో "డాట్ ఉన్న పేరు కనిపిస్తే టూల్ టాప్ మాడ్యూల్ నుంచి కిందకి వెతుక్కుంటూ వస్తుంది" అని రాశావు చూడు (మాడ్యూల్ అంటే డిజైన్‌లో ఒక భాగం, టాప్ అంటే అన్నిటికీ పైది), అక్కడ ఒళ్లు మండింది నాకు, ఇదే వాక్యం ఇంటర్వ్యూ నోట్సుల్లో ఒకళ్లని చూసి ఒకళ్లు దించుకుంటూ ఏళ్ల తరబడి తిరుగుతోంది మరి.

వెతకడం మొదలయ్యేది ఆ లైను ఉన్న స్కోప్‌లోనే, అంటే ఆ లైనున్న బ్లాకులోనే. కోర్.ఎనేబుల్ (కోర్ లోపలి ఎనేబుల్ సిగ్నల్) అని రాస్తే ముందు 'కోర్' ఇక్కడే ఉందా అని చూస్తుంది, లేకపోతే చుట్టూ ఉన్న బ్లాకుల్లో, అలా మాడ్యూల్ అంచు దాకా, అక్కడా లేకపోతే ఈ ఇన్‌స్టాన్స్‌ని (మాడ్యూల్‌ని వాడిన ఒక్కో కాపీని) పెట్టుకున్న పేరెంట్ మాడ్యూల్లో, తర్వాత దాని పేరెంట్‌లో. మొదటి ముక్క ఎక్కడ దొరికితే అక్కణ్ణుంచి కిందకి దిగుతుంది. అంటే ఒకే మాడ్యూల్‌ని రెండు చోట్ల పెడితే అదే లైను రెండు వేరే సిగ్నల్స్‌ని పట్టుకోవచ్చు, "మా పెద్దోడు" అన్నప్పుడు ఎవరింట్లో అన్నారో చూసుకోవాలి కదా, అలాగ. అందుకే ఫైల్ కంపైల్ చేసేటప్పుడు ఈ పేరు తేలదు, ఎలాబరేషన్‌లో, అంటే ఏ మాడ్యూల్లో ఏది ఉందో ఆ హైరార్కీ మొత్తం కట్టాకే తేలుతుంది.

ఒక్క ఇన్‌స్టాన్స్‌తో ఉదాహరణ ఇచ్చావంటే ఈ టాపిక్‌లో అబద్ధం చెప్పినట్టే. నా వ్యాసంలో రెండో ఇన్‌స్టాన్స్ కొట్టేశాడు ఒక ఎడిటర్, "రీడర్ కన్ఫ్యూజ్ అవుతాడండీ" అని. కన్ఫ్యూజ్ అవ్వాలనే కదయ్యా పెట్టింది!

ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకో చెకర్ (డిజైన్ సరిగ్గా నడుస్తోందో చూసే కోడ్) ఉండేది, లోపల కోర్.ఎనేబుల్ అనే రాసుంది. రెండు ర్యాపర్లలో, అంటే చుట్టూ ఉండే పెద్ద మాడ్యూల్స్‌లో పెట్టారు. రెండోదాంట్లో ఎవరో కోర్ ఇన్‌స్టాన్స్ పేరు మార్చారు, చెప్పలేదు. ఎర్రర్ రాలేదు! అది పైకెళ్లి చిప్ లెవెల్లో ఉన్న ఇంకో కోర్‌ని పట్టుకుంది, వారాల తరబడి పాస్ పాస్ అంటూ కూర్చుంది, మా మేనేజరేమో రిగ్రెషన్ (మళ్లీ మళ్లీ నడిపే టెస్టుల గుంపు) పచ్చగా ఉంది కదా అని మా మాట వినడు.

డాలర్ రూట్ ($root, హైరార్కీ మొదలుకి పేరు) గురించి రాయలేదేంటి? సిస్టమ్‌వెరిలాగ్‌లో (వెరిలాగ్‌ని పెంచి చేసిన భాష) దాంతో మొదలెడితేనే నువ్వు చెప్పిన పైనుంచి కిందకి అన్నది నిజం. డాట్ లేని మామూలు వేరియబుల్ పేరైతే మాడ్యూల్ అంచు దాటి పేరెంట్లోకి పోదు, టాస్కులు ఫంక్షన్లయితే పోతాయి, అదీ కలుపు. వీహెచ్‌డీఎల్‌లో (వెరిలాగ్ లాంటిదే ఇంకో భాష) ఇంకో ఇన్‌స్టాన్స్ లోపలి సిగ్నల్‌ని ఇలా ముట్టుకునే వీలు భాషలోకి వచ్చిందే 2008లో, దానికి వేరే వ్యాసం రాసుకో.

రెండు ఇన్‌స్టాన్స్‌లతో మళ్లీ రాసి పంపు. డిస్‌ప్లేలో ($display, ప్రింట్ చేసే కమాండ్) పర్సెంట్ ఎమ్ (%m) పెడితే ఆ లైను ఏ ఇన్‌స్టాన్స్‌లో ఉందో పూర్తి పాత్ ప్రింట్ అవుతుంది, పక్కనే కోర్.ఎనేబుల్ వాల్యూ కూడా వేసి ఆ ఔట్‌పుట్‌ని ఉన్నదున్నట్టు వ్యాసంలో పెట్టెయ్.