చంటిబిడ్డ బట్టలు రాత్రి బయట ఉంటే గాలి సోకుతుందా?

ప్రశ్న: మాది నెల్లూరు పక్కన కోవూరు. నేను టౌన్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. పాపకు ఎనిమిదో నెల. డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి రాత్రి ఏడు దాటుతుంది. అప్పుడు పాప బట్టలు ఉతికి మిద్దె మీద దండేనికి ఆరేస్తాను. ‘పొద్దుగూకినాక పసిబిడ్డ గుడ్డలు బయట ఉంటే గాలి సోకుతుంది, పక్షిదోషం తగులుతుంది’ అని మా అత్తమ్మ మొదట్నుంచీ అంటూనే ఉంది. నేను పట్టించుకోలేదు. పోయిన వారం పాప మెడ దగ్గర ఎర్రగా కంది, చిన్న పొక్కులు లేచాయి. అత్తమ్మ అంత్రం తెచ్చి మెడలో కట్టింది. ‘నీకు ఉద్యోగం ముఖ్యమా, బిడ్డ ముఖ్యమా’ అని ఇంటికొచ్చిన వాళ్ల ముందే అంటోంది. మా ఆయన నోరు విప్పడు. ఇది నిజంగా నావల్లే జరిగిందా?

జవాబు: అమ్మా, మీరు అంత్రం సంగతి రాశారు గానీ డాక్టరు మాట ఎక్కడా రాయలేదు. ముందు ఆ పని చేయండి. చంటిపిల్లల మెడ మడతల్లో చెమట, కారిన పాలు నిలిచినా పొక్కులు వస్తాయి. సబ్బు సరిగా వదలని బట్ట వేసినా వస్తాయి, పురుగు వల్లా వస్తాయి. ఏదైందీ చూసి చెప్పాల్సింది డాక్టరే. అత్తగారినీ వెంట తీసుకెళ్లండి, ఆమెకున్న అనుమానాలు ఆమెనే అడగనివ్వండి. మెడలోని తాడు మాత్రం ఈ రోజే తీసేయండి. అది పొక్కుల మీద ఒరుసుకోవడమే కాదు, నిద్రలో దేనికైనా చిక్కుకుంటే బిడ్డ ప్రాణానికే ప్రమాదం. అత్తగారి మనసు నొచ్చుకోకుండా, ఆ అంత్రాన్ని దేవుడి పటం దగ్గర పెట్టుకోమనండి.

ఇక గాలి, పక్షిదోషం సంగతి. బట్టల మీదుగా బిడ్డకు అలాంటివేవీ సోకవు. ఆ భయం మీరు పెట్టుకోవద్దు. అలాగని అత్తగారు చెప్పిన పద్ధతిని తీసి పారేయకండి. ఆమె చెప్పే కారణం సరికాకపోయినా, చేయమంటున్న పని మంచిదే.

కోవూరు చుట్టూ వరిపొలాలే కదా. వరి ఉన్నచోట ఒక సన్నటి పురుగు ఉంటుంది. వడ్లగింజంత పొడవు, ఒళ్లంతా నలుపు, నారింజ రంగు పట్టీలు. రాత్రిళ్లు లైటు వెలుతురుకు వస్తుంది. అది కుట్టదు, కరవదు. ఒంటి మీద నలిగితే మాత్రం దాని రసం చర్మాన్ని కాలుస్తుంది. వెంటనే ఏమీ తెలియదు, ఒక రోజు గడిచాక ఎర్రబడి బొబ్బలు లేస్తాయి. మిద్దె మీద లైటు వేసి బట్టలు ఆరేసినప్పుడు అలాంటిది మడతలోకి దూరినా దూరవచ్చు. మీ పాపకు అదే అయిందని నేననను. కానీ ఏ బట్టనైనా గట్టిగా దులిపి, తిరగేసి చూశాకే బిడ్డకు తొడగండి. పురుగు కనిపిస్తే నలపకుండా ఊదేయండి, అది పాకిన చోట సబ్బుతో కడగండి. చీమల గొడవ వేరే ఉంది. పాలు కక్కిన మరక సరిగా పోని జుబ్బాను రాత్రంతా బయట వదిలితే తెల్లారేసరికి కుట్ల వెంబడి ఎర్రచీమలు బారులు తీరి ఉంటాయి.

మంచు సంగతి కూడా చూడాలి. మే నెలలో అయితే రాత్రి ఆరేసినా పొద్దునకు ఆరిపోతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, ఆ తర్వాత మంచు. ఆకాశం తేటగా ఉన్న చలికాలపు రాత్రి దండెం మీది బట్ట చుట్టూ ఉన్న గాలికన్నా ఎక్కువ చల్లబడుతుంది, దాని మీద మంచు పడుతుంది. ఆరిన బట్ట కూడా తెల్లవారేసరికి మళ్లీ చెమ్మగిల్లుతుంది. అలా గంటల తరబడి తడిగా ఉంటే ముక్క వాసన వస్తుంది. ఆ చెమ్మ బట్టే తొడిగితే లేత చర్మం ఒరుసుకుపోతుంది.

చెమ్మ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. మన ఇళ్లలో ఆడవాళ్లు తమ లోపలి బట్టలు ఎవరి కంటా పడకూడదని చీర కిందో, బాత్రూం తలుపు వెనకో ఆరేస్తారు. సరిగా ఆరని లోదుస్తులతో దురద, తామర పెరుగుతాయి. మీవీ ఎండలోనే ఆరేసుకోండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అలాగే పాప బట్టల మధ్య కలరా ఉండలు పెడుతుంటే తీసేయండి. పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉన్న పిల్లలకు ఆ ఉండల్లోని నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు చితికి కామెర్లు రావచ్చు.

పని ఇలా మార్చుకోండి. రాత్రి ఉతికినవి గట్టిగా పిండి హాల్లో తీగ కట్టి ఫ్యాను కింద వేయండి. పొద్దున మంచు విడిచాక ఎండలో వేసి, సాయంత్రం నాలుగింటికల్లా తీసేయాలి. ఈ రెండు పనులకు అత్తగారి సాయం అడగండి. ఆమె మిద్దె ఎక్కలేకపోతే వాకిట్లోనే దండెం కట్టించండి. ‘అత్తమ్మా, మీరు చెప్పినట్టే రాత్రిళ్లు బయట వేయను’ అని మనస్ఫూర్తిగా చెప్పండి. ఆమె కాలంలో చంటిపిల్లలు కళ్లముందే పోయేవాళ్లు. బాలింతకూ బిడ్డకూ పెట్టిన కట్టుబాట్లే వాళ్లకు దొరికిన ఆసరా. ఆ గట్టి మాటల వెనక ఉన్నది ఎక్కువగా ఆ భయమే అనిపిస్తుంది.

నింద మాత్రం మీరు మోయొద్దు. పగలంతా పనిచేసి వచ్చి రాత్రి బిడ్డ బట్టలు ఉతికే తల్లిని నిర్లక్ష్యం మనిషి అనడం అన్యాయం. పదిమంది ముందు ఆ మాట అననివ్వకుండా ఆపాల్సింది మీ ఆయన. గొడవ లేని రోజు చూసి, పాప పడుకున్నాక ఆయన్ని కూర్చోబెట్టి సూటిగా చెప్పండి: ‘అత్తమ్మను ఎదిరించమని నేను అడగడం లేదు. బంధువుల ముందు ఆ మాట వచ్చినప్పుడు, పాప బట్టలు నేనూ చూసుకుంటున్నానమ్మా అని మీరు ఒక్క మాట అనండి.’ ఆ మాట నిజం కావడానికి, రోజు విడిచి రోజు ఉతికే వంతు ఆయనకు అప్పగించండి.