తప్పెటగుళ్ళ చానల్ కోసం అప్పు చేయొచ్చా?

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. నాన్న తప్పెటగుళ్ళ బృందం పాటలు, నేను పాడిన సినిమా పాటలు యూట్యూబ్‌లో పెడుతున్నాను. 1,800 మంది సబ్‌స్క్రైబర్లు ఉన్నారు. లక్షన్నర అప్పు చేసి కెమెరా, మైకులు కొని, బట్టల షాపు ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. మంచిదేనా?

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. 16 శాతం వడ్డీతో రెండేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 7,300 రూపాయల కిస్తీ పడుతుంది. యూట్యూబ్ డబ్బు నెలనెలా జీతంలా రాదు. 100 డాలర్లు నిండేదాకా బ్యాంకులో రూపాయి కూడా పడదు.

ముందు ఏ వీడియోలో పాట ఎవరిదో చూసుకోండి. ప్రకటనల్లో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతోపాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ గానీ ఉండాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ గంటల్లో కలవదు. అది దాటినా, సినిమా పాట మీద మ్యూజిక్ కంపెనీ కంటెంట్ ఐడీ (పాట ఎవరిదో గుర్తుపట్టే యూట్యూబ్ ఏర్పాటు) ద్వారా ఇది మాదని క్లెయిమ్ పెడితే ఆ వీడియో ఆదాయం వాళ్లకు పోవచ్చు. గొంతు మీదే అయినా సాహిత్యం, బాణీ మీవి కావు కదా. కొన్ని కవర్ పాటలకు, అంటే వేరేవాళ్ల పాటను మీ గొంతుతో పాడినవాటికి, వాటా ఇస్తారు గానీ, అన్ని కంపెనీలూ ఒప్పుకోవు. కింద పాట ఎవరిదో పేరు రాసినంత మాత్రాన హక్కు రాదు.

మీ అసలు ఆస్తి నాన్నగారి దగ్గరుంది. గుండెల మీద తప్పెట వాయిస్తూ పాడే ఆ గంగమ్మ పాటలు, కృష్ణుడి కథలు తరతరాలుగా నోటినోటా వచ్చినవి. కట్టినవారి పేరే తెలియని పాత పాటను ఎవరైనా పాడుకోవచ్చు. మీరు సొంతంగా తీసిన రికార్డింగ్ మీద హక్కు మీది. నాన్నగారి తరం తర్వాత ఇవి పాడేవాళ్లు దొరకరేమోనని నాకు బెంగ కూడా.

అయితే ఆ బృందం ఎప్పుడైనా క్యాసెట్ కంపెనీకి పాడిందేమో అడగండి. మన చట్టంలో సౌండ్ రికార్డింగ్ హక్కు 60 ఏళ్లు ఉంటుంది. ఆ పాత ఆడియో ఎక్కించకండి. నాటి ఒప్పందం కాగితం చూసుకుని, అదే పాట మళ్లీ పాడించి తీయండి. బృందంలో ఎవరి వాటా ఎంతో ఇప్పుడే రాసి, అందరి సంతకాలూ తీసుకోండి. డబ్బు పడ్డాక మాట్లాడుకుంటే సొంతవాళ్ల మధ్యే మాట పట్టింపులు వస్తాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్లూ చూస్తారు కాబట్టి యాడ్‌సెన్స్‌లో (యూట్యూబ్ డబ్బు చెల్లించే గూగుల్ ఖాతా) అమెరికా పన్ను ఫారం పాన్ నంబరుతో నింపండి. నింపితే అక్కడి ప్రేక్షకుల వల్ల వచ్చిన దానిలోనే 15 శాతం కోస్తారు. నింపకపోతే మొత్తం ఆదాయంలో 24 శాతం దాకా పోవచ్చు.

ఉద్యోగం వదలకండి. జీతంలోంచి ఒక మంచి మైకు కొని, ఫోన్‌తోనే ఆదివారాలు నాన్నగారి పాటలు తీయండి. వాటి మీద వచ్చే డబ్బు వరసగా ఆరు నెలలు ఆ 7,300 దాటితే నాకు మళ్లీ రాయండి, అప్పుడు కెమెరా లెక్క వేద్దాం.