సాహితీ సంఘం భవనానికి ఆస్తి పన్ను మినహాయింపు దొరుకుతుందా?

ప్రశ్న: మాది కోస్తా ఆంధ్రలో ఒక మున్సిపల్ పట్టణంలోని సాహితీ సంఘం. దాత ఇచ్చిన స్థలంలో సొంత భవనం ఉంది. అందులో ఉచిత పఠన మందిరం, నెలనెలా సాహిత్య సభలు జరిగే హాలు, సభ్యులు క్యారమ్స్, చదరంగం ఆడుకునే గది ఉన్నాయి. వీధి వైపు ఉన్న రెండు దుకాణాల మీద నెలకు రూ.12,000 అద్దె వస్తుంది. హాలును అప్పుడప్పుడు శుభకార్యాలకూ అద్దెకిస్తాం. మున్సిపాలిటీ ఆరు నెలలకు రూ.18,400 చొప్పున ఆస్తి పన్ను వేసింది. మాది సేవా సంస్థ కాబట్టి మినహాయింపు వస్తుందన్న నమ్మకంతో నాలుగు అర్ధ సంవత్సరాలుగా కట్టలేదు. ఆదాయ పన్ను శాఖ వద్ద 12ఏ నమోదు (ధార్మిక సంస్థలకు ఆదాయ పన్ను మినహాయింపు కోసం ఇచ్చేది) ఉంది. బ్యాంకులో రూ.9 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. ఇప్పుడేం చేయాలి?

జవాబు: కార్యదర్శి గారికి నమస్కారం. మీ భవనంలో కొంత భాగానికి మినహాయింపు అడిగే హక్కు మీకు ఉందని నా అభిప్రాయం. భవనం మొత్తానికి మాత్రం రాదు. ఎందుకంటే ఆస్తి పన్ను చట్టం సంఘం పేరునో, ఆశయాలనో చూసి మినహాయింపు ఇవ్వదు. ఏ గదిని ఎవరు, దేనికి వాడుతున్నారన్నదే చూస్తుంది.

మున్సిపల్ పట్టణాలకు వర్తించే 1965 నాటి మున్సిపాలిటీల చట్టంలో 88వ సెక్షన్ మినహాయింపులను వరుసగా చెబుతుంది. అందులో ప్రార్థనా స్థలాలు, సత్రాలు, విద్యకు వాడే భవనాలు, ధర్మాసుపత్రులు, శ్మశానాలు ఉన్నాయి. ప్రజలందరికీ తెరిచి ఉండే గ్రంథాలయాలు, ఆటస్థలాలు కూడా ఉన్నాయి. సాహితీ సంఘం అన్న మాట మాత్రం లేదు. కాబట్టి మీ బలమంతా పఠన మందిరంలోనే ఉంది. మన ప్రాంతంలో ఇది చిన్న ఆధారమేమీ కాదు. 1914లో విజయవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగిన కాలం నుంచీ మన ఊళ్ళలో సాహిత్య సంఘమూ గ్రంథాలయమూ చాలాచోట్ల ఒకే కప్పు కింద పెరిగాయి. మీ సంఘం కూడా ఆ కోవలోదే కనుక, దరఖాస్తులో సాహిత్య సభల కంటే ముందు గ్రంథాలయం గురించి రాయండి.

‘ప్రజలందరికీ తెరిచి ఉండే’ అన్న షరతును తేలికగా తీసుకోవద్దు. చందా కట్టిన సభ్యులు మాత్రమే కూర్చుని చదువుకునే గది ఈ నిర్వచనంలోకి రాదు. దారిన పోయే విద్యార్థి లోపలికి వచ్చి పత్రిక చదువుకుని వెళ్ళగలగాలి, ఆ సంగతి కాగితం మీద కనబడాలి. గుమ్మం దగ్గర వేళల బోర్డు, రోజువారీ పాఠకుల సంతకాల పుస్తకం, దినపత్రికల బిల్లులు, పుస్తకాల స్టాకు రిజిస్టరు ఉంటే తనిఖీకి వచ్చిన రెవెన్యూ అధికారికి మీరు వేరే వివరించాల్సిన పని తక్కువ. సంతకాల పుస్తకం లేకపోతే ఈ రోజే మొదలుపెట్టండి. వెనకటి తేదీలతో మాత్రం నింపవద్దు, అది మొత్తం దరఖాస్తునే దెబ్బతీస్తుంది.

క్యారమ్స్ గది సభ్యులది, దానికి మినహాయింపు అడగకపోవడమే మంచిది. దుకాణాల సంగతిలో సందేహమే లేదు, పన్ను కట్టాల్సిందే. అద్దె డబ్బు పుస్తకాలకే ఖర్చవుతోంది కదా అని మీ సభ్యులు అనవచ్చు. ఆ వాదనకు చట్టంలో చోటున్నది సత్రాలకు: బస చేసినవారి దగ్గర అద్దె తీసుకున్నా దాన్ని పూర్తిగా ధర్మకార్యాలకే వాడితే సత్రానికి మినహాయింపు ఉంటుంది. గ్రంథాలయానికి అలాంటి వెసులుబాటు రాయలేదు. ఇక హాలు గురించి కార్యవర్గం ఒక నిర్ణయానికి రావాలి. శుభకార్యాల అద్దె మీద ఏడాదికి వచ్చేదెంత, హాలు మీద పడే పన్నెంత అని లెక్క వేసి, అద్దె తక్కువైతే ఆ పద్ధతి మానేసి హాలును కూడా గ్రంథాలయ కార్యక్రమాలకే కేటాయిస్తూ తీర్మానం చేయండి. అద్దె ఎక్కువైతే హాలుకు పన్ను కట్టడమే లాభం.

12ఏ నమోదు ఆదాయ పన్నుకు సంబంధించినది. దాన్ని చూసి మున్సిపాలిటీ ఆస్తి పన్ను తీసేయాలన్న నియమం లేదు. అయినా ఆ పత్రాన్ని జతచేయండి, సంఘం స్వభావానికి అది సాక్ష్యం. 1992లో ఢిల్లీ నగరపాలక సంస్థకూ చిల్డ్రన్ బుక్ ట్రస్టుకూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు పరిశీలించిన ఢిల్లీ చట్టం మూడు విషయాలు కోరుతుంది: సంస్థ కొంతైనా స్వచ్ఛంద విరాళాల మీద నడవాలి, మిగులును ఆశయాలకే ఖర్చు చేయాలి, సభ్యులకు లాభం పంచకూడదు. ఆ చట్టం మనకు నేరుగా వర్తించదు గానీ, మీ నియమావళిని, మూడేళ్ళ ఆడిట్ లెక్కలను ఆ మూడు ప్రశ్నలతో ఒకసారి చదువుకోండి. సంఘం రద్దయితే ఆస్తిని సభ్యులు పంచుకోకూడదన్న నిబంధన లేకపోతే సర్వసభ్య సమావేశంలో చేర్పించి, సవరణను సొసైటీల రిజిస్ట్రార్ వద్ద నమోదు చేయించండి.

మున్సిపల్ కమిషనర్‌కు ఇచ్చే అర్జీలో రెండు కోరికలు ఉండాలి. దుకాణాలకు వేరే అసెస్‌మెంట్ నంబరు (పన్ను లెక్క కోసం ఆస్తికి ఇచ్చే నంబరు) ఇవ్వాలన్నది మొదటిది, మిగిలిన భాగంలో గ్రంథాలయానికి మినహాయింపు ఇవ్వాలన్నది రెండోది. గదులవారీ కొలతలు చూపే ప్లాను జతచేయండి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి పన్నును ఆస్తి మూలధన విలువ (స్థలం, కట్టడాల విలువ) మీద వేస్తున్నారు, నివాసేతర వాడకానికి రేటు ఎక్కువ. మీ భవనం మొత్తాన్నీ వాణిజ్య వాడకం కింద రాశారేమో డిమాండ్ నోటీసులో చూడండి. అలా రాసి ఉంటే, మినహాయింపు రాకపోయినా ఆ ఒక్క దిద్దుబాటుతోనే పన్ను తగ్గవచ్చు. అర్జీ ఇచ్చాక ముద్ర వేసిన రసీదు తీసుకోండి. మీ పట్టణం రేపు నగరపాలక సంస్థగా మారితే లెక్క వేరవుతుంది. 1955 నాటి హైదరాబాదు నగరపాలక చట్టం నుంచి తీసుకున్న నిబంధనలలో ప్రజా ధార్మిక ప్రయోజనానికి మాత్రమే వాడే భవనానికి మినహాయింపు ఉంది గానీ, అది సాధారణ పన్నుకే పరిమితం. నీటి, మురుగు, వీధి దీపాల వంటి పన్నులు దానిలోకి రావు.

ఇక డబ్బు సంగతి. కట్టకుండా ఆగడం మీకు నష్టం, దయచేసి ఇంకా ఆలస్యం చేయవద్దు. నాలుగు అర్ధ సంవత్సరాల బకాయి రూ.73,600. దాని మీద నెలకు 2 శాతం వడ్డీ అంటే నెలకు రూ.1,472. అదే సొమ్ము మీ డిపాజిట్‌లో 7 శాతానికి ఉన్నా నెలకు వచ్చేది సుమారు రూ.429. అంటే నెలనెలా సంఘానికి వెయ్యి రూపాయలకు పైగా పోతోంది. ఇది పుస్తకాలు కొనాల్సిన డబ్బు. డిపాజిట్‌లోంచి బకాయికి సరిపడేంత మాత్రమే తీసి కట్టేయండి. ఒకే రసీదు మీద ఉంటే, మిగిలిన మొత్తానికి పాత వడ్డీ రేటు కొనసాగుతుందా అని ముందుగా బ్యాంకును అడగండి. కట్టేటప్పుడు, మినహాయింపు అర్జీ పెండింగులో ఉందని, అభ్యంతరాలకు లోబడి చెల్లిస్తున్నామని లేఖ ఇవ్వండి. అర్జీ నెగ్గితే కట్టిన సొమ్మును తర్వాతి పన్నులో సర్దుబాటు చేయమని అడగడానికి ఆ లేఖ పనికొస్తుంది.

వచ్చే ఏడాది బడ్జెట్‌లో మినహాయింపును ఆదాయంగా లెక్కించవద్దు. ఏడాది పన్ను రూ.36,800; దుకాణాల అద్దె రూ.1,44,000లో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ. ఈ పన్నులో గ్రంథాలయ సెస్సు కూడా ఉంటుంది. అది రూపాయికి 8 పైసల చొప్పున పన్ను మీదే పడుతుంది కాబట్టి, పన్ను తగ్గితే సెస్సూ తగ్గుతుంది. మూలధన విలువ పద్ధతి వచ్చినప్పుడు ఏటా పెంపు 15 శాతం దాటకూడదన్న పరిమితి పెట్టారు, కనుక వచ్చే ఏడాదికి రూ.42,320 పక్కన పెడితే ఇబ్బంది ఉండదు. అద్దె వచ్చిన రోజే నెలకు రూ.3,530 వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్‌లోనే కడితే 5 శాతం రాయితీ వస్తుంది. దుకాణదారులతో అద్దె ఒప్పందం తిరగరాసేటప్పుడు, దుకాణాల అసెస్‌మెంట్ మీద వచ్చే పన్నును వాళ్ళే భరించాలన్న షరతు చేర్పించండి.