అమ్మ పన్ను పీకించాలా, నిలబెట్టుకోవాలా?

ప్రశ్న: మా అమ్మకు 57 ఏళ్ళు. ఎనిమిదేళ్ళుగా షుగరుంది. నెల కిందట వక్కపలుకు కొరికితే కుడివైపు కింది దవడ పన్ను సగం విరిగింది. రాత్రిళ్ళు పోటుతో నిద్ర ఉండడం లేదు. ఎడమవైపు కింది దవడ పన్నొకటి నాలుగేళ్ళ కిందటే పీకించాం, ఆ ఖాళీలో ఏమీ పెట్టించలేదు. ఒక డాక్టరు విరిగిన పన్ను తీసేసి రెండువైపులా ఇంప్లాంట్లు (ఎముకలో మర బిగించి పైన పెట్టే పళ్ళు) వేద్దామన్నారు. ఇంకొకరు కుడివైపు రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తే చాలు, ఎడమవైపు బ్రిడ్జి (అటూ ఇటూ పళ్ళ ఆధారంతో ఖాళీలో నిలబెట్టే పన్ను) కడదామన్నారు. అమ్మేమో "ఈ వయసులో నాకెందుకు ఇదంతా? పీకించేయండి" అంటోంది. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: ముందు అమ్మగారి మాట సంగతి చూద్దాం. 57 ఏళ్ళంటే ఇంకో పాతికేళ్ళు అన్నం నమలాల్సిన వయసు. మీరు చెప్పినదాన్ని బట్టి విరిగింది మొదటి పెద్ద దవడ పన్ను అనుకుంటున్నాను. ఆరేళ్ళ వయసులో వచ్చి, యాభై ఏళ్ళుగా నమిలే పనిలో పెద్ద భాగం మోసిన పన్ను అది. ఎడమవైపు ఇప్పటికే ఖాళీ. కుడివైపు కూడా పోతే ఆమె ఏ వైపు నములుతారు?

మా నాన్నగారూ ఇదే మాట అన్నారు. నేనప్పుడు దంత వైద్యం రెండో ఏడాది చదువుతున్నాను. సెలవులకు ఇంటికి వచ్చేసరికి పన్ను పీకించుకుని కూర్చున్నారు. తర్వాత ఒక్కొక్కటిగా చెగోడీలు మానేశారు, వేరుశనగలు మానేశారు, చివరికి జొన్నరొట్టెను మజ్జిగలో నానబెట్టుకుని తినేవారు. పన్ను పోతే మనిషి తిండి మారిపోతుందని నేను పుస్తకంలో కాదు, మా ఇంటి భోజనాల దగ్గర నేర్చుకున్నాను. అందుకే నిలబడగల పన్నును పీకడానికి నా చేయి రాదు.

ఈ పన్ను నిలబడుతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. రాత్రిపూట పోటు వస్తోందంటే లోపలి నరం దెబ్బతిన్నట్టే, ఇక సిమెంటు నింపితే సరిపోదు. రూట్ కెనాల్‌లో చెడిన నరాన్ని తీసి, వేళ్ళలోని సన్నని దారులను శుభ్రంచేసి, చెట్టు పాల నుంచి తయారయ్యే గట్టాపెర్చా అనే రబ్బరు లాంటి పదార్థంతో మూసేస్తారు. కింది పెద్ద దవడ పన్నుకు ఈ దారులు సాధారణంగా మూడుంటాయి, ఒక్కోసారి నాలుగు. ఒక్కటి మిగిలిపోయినా నొప్పి తిరిగి రావచ్చు కాబట్టి తొందరపెట్టకండి.

ఆ పైన క్యాప్ నిలవాలంటే చిగురు పైన చుట్టూ దాదాపు 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగిలి ఉండాలి. రోకలి చివర పగలకుండా ఇనుప పొన్ను వేస్తారు కదా, క్యాప్ చేసే పని అదే. పొన్ను పట్టడానికి కర్ర ఉండాలి. విరుగు చిగురు కిందికి లోతుగా దిగినా, వేరు నిలువునా చీలినా పన్ను తీయించడమే మంచిది. అప్పుడు మొదటి డాక్టరు చెప్పిందే నిజమవుతుంది. ఎక్స్‌రే దగ్గర పెట్టుకుని "చిగురు పైన గట్టి పన్ను ఎంత మిగిలింది?" అని ఇద్దరినీ అడగండి. ఓపికగా చూపించి చెప్పినవారి దగ్గర వైద్యం చేయించండి.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. రూట్ కెనాల్ కాగానే నొప్పి పోతుంది, చాలామంది ఇక క్యాప్‌కు రారు. కొన్ని నెలలకు ఆ పన్ను రెండు చెక్కలై వస్తారు, అప్పుడు నేను చేయగలిగింది పీకడమే. ఖర్చు భయమైతే నవ్వినా కనబడని ఆ చోట లోహపు క్యాప్ చాలు. పన్నును తక్కువ అరగదీయాలి, బాగా మన్నుతుంది, పింగాణీ రంగు క్యాప్ కన్నా చవక. లోహపు క్యాపులో నికెల్ ఉండవచ్చు, అది పడదనుకుంటే ముందే చెప్పండి. విజయవాడలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో చేయించుకుంటే బయటికన్నా చాలా తక్కువవుతుంది. అయితే ఎక్కువసార్లు తిరగాల్సి రావచ్చు.

ఎడమవైపుకు తొందర లేదు, కుడివైపు నొప్పి తగ్గాకే చూడండి. నాలుగేళ్ళలో అక్కడి ఎముక సన్నబడి ఉంటుంది, వెనక పన్ను ఖాళీలోకి వాలి ఉండవచ్చు, పైపన్ను కిందికి దిగి ఉండవచ్చు. బ్రిడ్జి కట్టాలంటే అటూ ఇటూ ఉన్న రెండు పళ్ళను అరగదీయాలి. అవి నిక్షేపంగా ఉంటే ఆ పనికి నేను ఒప్పుకోను. అవీ పుచ్చి క్యాపులు అవసరమైనవైతే బ్రిడ్జే సరైనది. లేదంటే ఇంప్లాంట్ మంచిది. టైటానియం అనే లోహం ఎముకతో కలిసిపోతుందని కనిపెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో టైటానియం ఇంప్లాంట్లను అమర్చారు. ఆ రోగికి అవి నలభై ఏళ్ళ దాకా పనిచేశాయి. కింది దవడలో నరం ఎక్కడుందో స్కానులో చూసుకుని మర బిగిస్తారు, ఎముక పట్టడానికి మూడు నెలలు ఆగి పైన పన్ను పెట్టడం మామూలు పద్ధతి. డబ్బు కుదరకపోతే తీసి పెట్టుకునే పన్నైనా పెట్టించండి, రాత్రి తీసి నీళ్ళలో ఉంచాలి.

షుగరు ఉన్నంత మాత్రాన ఇంప్లాంట్ కూడదని కాదు, అదుపులో లేకపోతే కూడదు. మూడు నెలల షుగరు సగటు చెప్పే HbA1c పరీక్ష చేయించండి. అది 8 దాటి ఉంటే ముందు షుగరు డాక్టరును కలవండి.

ఈలోగా పంటిలో జిల్లేడు పాలు పోయడం, చిగురు మీద ఆస్పిరిన్ బిళ్ళ నొక్కిపెట్టడం చేయకండి, చిగురు కాలి పుండవుతుంది. బుగ్గ వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. వెళ్ళేటప్పుడు అమ్మగారి మందుల చీటీలన్నీ పట్టుకెళ్ళండి. రక్తం పలచబడే మాత్రలుంటే మీకు మీరుగా ఆపకండి. ఎముకల బలానికి ఏడాదికోసారి ఇచ్చే ఇంజెక్షన్ ఎప్పుడైనా చేయించి ఉంటే, ఆమె నోరు తెరవకముందే ఆ మాట డాక్టరుకు చెప్పండి. ఆ మందు వాడినవారికి పన్ను తీసిన చోట ఎముక మానకుండా పోయే ప్రమాదం ఉంది.