కట్టేశానా... లేదా?

ప్రశ్న: నా వయసు 34. ఉండేది విజయనగరం, ఉద్యోగం చీపురుపల్లిలో. రోజూ బయల్దేరే ముందు గ్యాస్ రెగ్యులేటరు, స్టవ్ నాబ్‌లు, వీధి తలుపు తాళం నాలుగేసి సార్లు చూస్తే గానీ కాలు కదలదు. లెక్క తప్పిందా, మళ్లీ మొదటినుంచీ. దీనికే ముప్పావుగంట పోతుంది. బస్సెక్కాక మళ్లీ అనుమానం. ఫోన్ చేస్తే మావారు స్టవ్ ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు. ఓసీడీ (వద్దన్నా వచ్చే అనుమానాలు, అవి తీరడానికి చేసిందే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు) అని డాక్టరుగారు మాత్రలు రాశారు. రెండు నెలలైంది, కొంత నయం. ‘భయాన్ని ఎదుర్కోవాలి’ అని వీడియోల్లో విని, మొన్న ఏదీ చూడకుండా బయటికొచ్చేశాను. వీధి చివరిదాకా వెళ్లి, ఉండలేక పరుగున వచ్చి అన్నీ చూసుకున్నాను. అప్పట్నుంచి ఇంకా ఎక్కువైంది. ఈ పద్ధతి నాకు పడదంటారా?
— ఒక సోదరి, విజయనగరం

జవాబు: పడకపోవడం కాదమ్మా, సగమే చేశారు. చూడకుండా బయటికి రావడం ఎక్స్‌పోజర్, అంటే భయానికి ఎదురు నిలవడం. వచ్చాక వెనక్కి వెళ్లి చూసుకోకపోవడం రెండో సగం. అసలు మందు అందులోనే ఉంది. భయం నడినెత్తికెక్కిన క్షణంలో మీరు వెనక్కొచ్చారు. స్టవ్ చూడగానే గుండె కుదుటపడింది. ‘చూశాను కాబట్టే ఇల్లు నిలిచింది’ అని మెదడు రాసిపెట్టుకుంది. అందుకే మర్నాడు ఇంకా గట్టిగా లాగింది.

చూసినకొద్దీ నమ్మకం పెరగాలి కదా అనిపిస్తుంది. జరిగేది తలకిందులు. 2003లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఏ జబ్బూ లేని విద్యార్థుల చేత కంప్యూటర్ తెర మీద గ్యాస్ స్టవ్‌ను పదేపదే కట్టించి, సరిచూయించారు. చివర్లో ఏ నాబ్ చూశారో వాళ్లు సరిగానే చెప్పారు. కానీ ఆ జ్ఞాపకం మసకబారింది, దాని మీద నమ్మకం తగ్గింది. మీ నాలుగో చూపు చేసే పని అదే.

ముందు మూడు రోజులు ఒక నోటుబుక్కులో రాయండి: ఏం చూశారు, ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు, చూడకపోతే భయం వందకి ఎంత. దాన్నిబట్టి ఎనిమిది పది మెట్లు కట్టుకోండి. ఉదాహరణకి, ఫ్యాను స్విచ్చి ఒక్కసారి కట్టి గది దాటడం 25. ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసి, తిరిగి చూడకపోవడం 40. తాళం వేసి, లాగి చూడకుండా మెట్లు దిగడం 55. ఇంట్లో మీవారుండగా స్టవ్ కట్టి రైతుబజారుకి వెళ్లడం 60. ఎవరూ లేనప్పుడు అదే పని 80. ఫోన్ చేయకుండా చీపురుపల్లి చేరడం 95. మీరు మొన్న ఏకంగా 80 దగ్గర మొదలుపెట్టారు. ముప్పై, నలభైల దగ్గర మొదలుపెట్టండి.

రోజూ 45 నిమిషాల నుంచి గంట కేటాయించండి. కట్టడం, మామూలుగా ఒక్క చూపు, కదలడం. నాబ్‌ని తదేకంగా చూడొద్దు. ‘కట్టేశాను, కట్టేశాను’ అని పైకి అనుకోవద్దు, లెక్కపెట్టొద్దు. దారిలో స్టవ్ బొమ్మని మనసులో తిప్పి తిప్పి చూసుకోవడం కూడా చెకింగే. చాలామంది తప్పటడుగు ఇక్కడే పడుతుంది, ఎందుకంటే అది బయటికి కనబడదు. అనుమానం వస్తే ‘కట్టానేమో, కట్టలేదేమో, తేల్చుకోను’ అని వదిలేయండి. భయం తగ్గిందా అని నిమిష నిమిషానికీ కొలుచుకోకండి. కొన్ని రోజులు తగ్గకపోవచ్చు కూడా. తగ్గకపోయినా వెనక్కి వెళ్లకపోతే ఆ రోజు పని అయినట్టే. ఒక మెట్టు వరసగా నాలుగైదు రోజులు పెద్ద కష్టం లేకుండా గడిస్తే పైదానికి వెళ్లండి.

ఆగలేక చూసేశారనుకోండి. అక్కడితో వదిలితే ఆ పూట గెలుపు ఓసీడీదే. స్టవ్ మళ్లీ వెలిగించి, ఒక్కసారి కట్టి, వెంటనే బయటికి నడవండి. (గ్యాస్ కావాలని తెరిచి వదిలేయడం ఎక్స్‌పోజర్ కాదు, ప్రమాదం. పక్కింటివాళ్లు మామూలుగా ఎంత జాగ్రత్తపడతారో మీరూ అంతే.)

మీవారు పంపే ఫోటో ప్రేమే గానీ, అదీ చెకింగే, పైగా తేలికైనది. ఇద్దరూ కూర్చుని ముందే మాట అనుకోండి. మొదటి వారం రోజుకి ఒక ఫోటో, రెండో వారం రోజు విడిచి రోజు, తర్వాత లేదు. అడిగితే ఆయన ‘అది ఓసీడీ ప్రశ్న, జవాబు చెప్పను. నీకెంత కష్టంగా ఉందో తెలుసు’ అనాలి. విసుక్కోకూడదు, ‘నేను చూశాలే’ అనీ అనకూడదు. ఆయన ఇంట్లో ఉంటే మీ భయం 60 దగ్గరే ఆగడానికి కారణం బాధ్యత ఆయన నెత్తిన పడటం. అందుకే చివరి మెట్లు ఒంటరిగానే ఎక్కాలి.

మాత్రల విషయం. ఓసీడీకి ఈ మందులు పూర్తిగా పనిచేయడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, డోసు కూడా తరచూ డిప్రెషన్‌కి ఇచ్చేదానికంటే ఎక్కువే అవసరమవుతుంది. మీ అంతట మీరు ఆపకండి. ఈ మెట్లు చూపించి, పై వాటికి సైకాలజిస్టు సాయం కావాలని మీ డాక్టరుగారినే అడగండి. విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల మీకు దగ్గరే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: బీటెక్ చదువుతున్నాను. అరసవల్లి గుడిలో దణ్ణం పెట్టుకుంటుంటే దేవుడి మీద బూతులు మనసులోకి వస్తాయి. ‘క్షమించు స్వామీ’ అని 21 సార్లు అనుకుంటే గానీ బయటికి రాలేను. గుడికి వెళ్లడమే మానేశాను.
— ఒక విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: ఆ మాటలు మీ కోరికలు కావు. మీకు ప్రాణప్రదమైన దాని మీదకే ఓసీడీ వస్తుంది. మీ విషయంలో ఆ 21 సార్లే కంపల్షన్ (భయం తీరడానికి ఆపుకోలేక చేసే పని), గుడి మానేయడం దానికి తోడు. దేవుణ్ణి తిట్టమని వైద్యంలో ఎవరూ చెప్పరు. తోటి భక్తుల్లాగే దర్శనం చేసుకోండి. చెడ్డమాట వస్తే రానివ్వండి, తరమొద్దు, దానికి క్షమాపణ కట్టొద్దు. 21ని ఒక్కసారిగా వదల్లేకపోతే, అనుకోవడం పది నిమిషాలు వాయిదా వేయండి, తర్వాత అరగంట. నోరు ఊరుకోకపోతే 13 దగ్గర లెక్క తప్పించి, అలాగే బయటికి వచ్చేయండి. మొదటి దర్శనం రద్దీ ఉండే ఆదివారం కాకుండా మామూలు రోజు పెట్టుకోండి. ఆదివారం నాలుగో వారం చూద్దాం.